తిరుగు తరగతులు: మిడిల్ స్కూలు ఐచ్ఛిక విద్యల కాలవిభజన, మూల్యాంకనములపై ఒక సమీక్ష

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఆరవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వరకు గల మిడిల్ స్కూళ్లయందు బాలబాలికలు ఆంగ్లము, గణితము, విజ్ఞానశాస్త్రము, సాంఘికశాస్త్రము అను నాలుగు ప్రధాన విషయములను సంవత్సరము పొడవునా చదువుచు, దినమునకు ఒకటి రెండు పీరియడులలో మాత్రము చిత్రలేఖనము, సంగీతము, వడ్రంగము, వంట, కుట్టుపని, కంప్యూటరు, పరభాష మొదలగు విద్యలను కొన్ని వారములకొకటి చొప్పున మార్చుకొనుచు రుచి చూతురు. బండిచక్రపు ఆకులవలె ఒకదాని వెంట నొకటి వచ్చుచుండుటచేత ఈ యేర్పాటునకు అక్కడి ఉపాధ్యాయులు 'వీల్' అని పేరిడిరి. 'ఎక్స్‌ప్లొరేటరీ' యనియు, 'ఎన్‌కోర్' అనియు, 'యూనిఫైడ్ ఆర్ట్స్' అనియు ఒక్కొక్క జిల్లాలో ఒక్కొక్క పేరు వాడుకలో నున్నది.

ఈ చక్రము చుట్టును రెండు వివాదములు బహుకాలముగా సాగుచున్నవి. ఒక్కొక్క విద్యకు ఎన్ని వారములు, వారమునకు ఎన్ని పీరియడులు ఈయవలెననునది మొదటిది. ఇట్లు స్వల్పకాలము నేర్చిన విద్యకు గణితమునకు వలెనే ఏ, బీ, సీ అను అక్షరశ్రేణి వేయవలెనా, వేసినచో దానిని మొత్తపు సగటులో కలుపవలెనా అనునది రెండవది. మొదటి దానిని ప్రధానోపాధ్యాయులును, టైంటేబులు కూర్చువారును చర్చింపగా, రెండవ దానిని ఉపాధ్యాయులును తలిదండ్రులును చర్చించుచు వచ్చిరి. ఒకరి మాట ఒకరి చెవిని పడకపోవుటయే ఈ విషయము ఇంతగా చిక్కుపడుటకు ముఖ్యకారణమని తోచుచున్నది. ఏలయన, కాలమును నిర్ణయించినవాడే కొలతను కూడ సగము నిర్ణయించినవాడగుచున్నాడు. అమెరికాలో బిడ్డలను చదివించుకొనుచున్న తెలుగు కుటుంబములకు ఇది ప్రతి వేసవిలోను ఎదురగు ప్రశ్న. మన దేశమున 2020 నాటి జాతీయ విద్యావిధానము ఇదే ప్రశ్నను మన ఊరి బడి గుమ్మములోనికి కూడ తెచ్చినది గనుక, దీని పూర్వాపరములను ఒకచోట చేర్చి చూచుట అవసరము.

చక్రము పుట్టిన విధము

1893లో హార్వర్డ్ విశ్వవిద్యాలయాధ్యక్షుడు చార్లెస్ ఎలియట్ ఆధ్వర్యమున వెలువడిన 'పదిమంది సంఘము' వారి నివేదిక ఉన్నతపాఠశాల చదువును కళాశాలకు సోపానమైన శాస్త్రభాషావిషయముల చుట్టు అల్లినది. దానికి భిన్నముగా జాన్ డ్యూయీ 1896లో చికాగోయందు నెలకొల్పిన ప్రయోగశాల పాఠశాలలో వంట, నేత, కుట్టు, వడ్రంగము అనునవి విరామకాలపు వినోదములుగా గాక, తక్కిన చదువంతయు మొలకెత్తు నేలగా నుండెను. ఈ రెండు ప్రవాహముల నడుమ పుట్టిన బిడ్డయే జూనియర్ హైస్కూలు. 1909లో ఒహాయో రాష్ట్రమునందలి కొలంబస్ నగరమునను, 1910లో కాలిఫోర్నియాలోని బర్క్లీ నగరమునను అట్టి పాఠశాలలు వెలసినవి. 1918లో 'మాధ్యమిక విద్యకు మూలసూత్రములు' అను నివేదిక, బాలుడు ఈ యీడున తన శక్తులను తానే వెదకికొని, రాబోవు పనిని గూర్చి తాత్కాలికముగానైనను ఒక యెంపిక చేసికొనుటకు పాఠశాల తోడ్పడవలెనని చెప్పినది. 1947లో గ్రూన్, డగ్లస్ అను విద్యావేత్తలు జూనియర్ హైస్కూలునకు ఆరు ధర్మములను నిర్ణయించి, వానిలో 'అన్వేషణము'ను ఒకటిగా ప్రతిష్ఠించిరి. 1963లో విలియం అలెగ్జాండర్ కార్నెల్ విశ్వవిద్యాలయములో చేసిన ప్రసంగముతో ఊపిరి పోసికొనిన మిడిల్ స్కూలు ఉద్యమము ఈ ధర్మమునే వారసత్వముగా స్వీకరించినది.

ఈ చరిత్రలో రెండు మలుపులను విడువరాదు. చాలకాలము వరకు వడ్రంగపు గదికి మగపిల్లలును, వంటగదికి ఆడపిల్లలును పోవుట ఆచారముగా నుండెను. 1972లో వచ్చిన టైటిల్ నైన్ చట్టము లింగభేదమును బట్టి తరగతులను విభజించుటను నిషేధించుటచేత, ఇరువురును ఒకే చక్రములో తిరుగుటకు దారి యేర్పడినది. రెండవది 2002 జనవరిలో సంతకమైన 'నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్' చట్టము. మూడవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వరకు ఏటేట చదువునందును గణితమునందును పరీక్ష పెట్టవలెనని ఆ చట్టము శాసించినది గనుక, మిడిల్ స్కూలులోని మూడేండ్లలో ఏ యొక్క యేడును పరీక్షకు తప్పిపోలేదు. పరీక్ష లేని విద్యల గంటలు పరీక్ష గల విద్యల కడుపులోనికి పోవుట ఆరంభమైనది. 2015 డిసెంబరులో వచ్చిన చట్టము 'సమగ్రవిద్య' అను పేరున కళలను, సంగీతమును, వృత్తివిద్యను, వ్యాయామమును ప్రత్యేకముగా పేర్కొని ఈ లోపమును కొంత సవరింప యత్నించినది. కాని పోయిన గంటలు అన్నియు తిరిగి రాలేదు.

అక్షరశ్రేణుల పుట్టుక వేరొకచోట జరిగినది. మౌంట్ హోలియోక్ అను మహిళా కళాశాల 1897లో ఏ, బీ, సీ లతో కూడిన శ్రేణీవిధానమును చేపట్టినది. అట్టి విధానము క్రమముగా పాఠశాలలకు దిగివచ్చినది. అనగా, యువతులు కళాశాలలో దీర్ఘకాలము చదివిన విషయమును కొలుచుటకు వాడిన కొలబద్దయే, పదకొండేండ్ల బాలుడు తొమ్మిది వారములు చేసిన మట్టిపని మీదికి వచ్చి పడినదన్నమాట. అన్వేషణమును ప్రతిపాదించిన పెద్దలు దానిని కొలుచు బద్దను ప్రతిపాదింపలేదు. ఆ ఖాళీని అలవాటు పూరించినది.

గంటల గణితము

అమెరికాలో పాఠశాల సంవత్సరము సామాన్యముగా 180 దినములు, అనగా 36 వారములు. పీరియడు 45 నిమిషములనుకొందము. సంవత్సరమును నాలుగు పాదములుగా విభజించి పాదమునకొక విద్యను ప్రతిదినము నేర్పినచో, ఒక్కొక్క దానికి 45 పీరియడులు, అనగా 33 గంటల 45 నిమిషములు దొరకును. ఆరు విద్యలను ఆరేసి వారములు నేర్పినచో 30 పీరియడులు, అనగా 22 గంటల 30 నిమిషములు. దినము విడిచి దినము అర్ధసంవత్సరము నేర్పు 'ఏ డే, బీ డే' పద్ధతిలో మరల 45 పీరియడులే. ఆరు దినములకొకసారి సంవత్సరమంతయు నేర్పు పద్ధతిలో మరల 30 పీరియడులే. మొత్తపు గంటలను మాత్రమే చూచువానికి మొదటిదానికిని మూడవదానికిని, రెండవదానికిని నాలుగవదానికిని భేదము లేదు. పనిచేయు చేతికి మాత్రము వాని నడుమ చాల అంతరమున్నది.

మట్టిపనినే తీసికొందము. పిల్లవాడు మట్టిని పిసికి గాలిబుడగలు లేకుండ చేయుటకు ఒక పీరియడు చాలదు. త్రాడువలె పేనిన మట్టిని చుట్టలు చుట్టి గిన్నెగా నిలుపుటకు నాలుగైదు దినములు పట్టును. ఈ దినములలో మట్టి తడియారిపోకుండ ప్రతి సాయంకాలమును తడిగుడ్డ కప్పి, పైన పాలిథిన్ సంచి కట్టవలెను. చేసిన పాత్ర నీడను వారము పదిదినములు ఆరవలెను; తొందరపడి కొలిమిలో పెట్టినచో పగులును. మొదటి కాల్పు, దాని తరువాత మెరుగుపూత, మరల రెండవ కాల్పు. ఇంత పని ఆరు వారముల చక్రములో ఎట్లో ఇమిడినను, ఒకటి పాడైనచో రెండవది చేయుటకు వ్యవధి యుండదు. రెండవ గిన్నెలోనే కదా చేయి తిరుగుట యనునది కనబడునది! ఆరు దినములకొకసారి కలియు తరగతిలోనైతే తడిగుడ్డ క్రింది మట్టి ఒక వారములో రాయివలె గట్టిపడును. కావున చేతిపనులకు ఎడతెగని దినములు మేలు. భాషకు ఇది విపర్యయము: 1885లో ఎబ్బింగ్‌హౌస్ జ్ఞాపకశక్తిని గూర్చి ప్రచురించిన పరిశోధనము మొదలు నేటివరకు, ఎడములిచ్చి నేర్చినది కుప్పగా నేర్చినదానికంటె ఎక్కువకాలము నిలుచునని తెలియుచున్నది. స్పానిష్ భాషను ఆరు వారములు ఉరుకులతో నేర్పి ముప్పది వారములు మరపించుటకంటె, వారమునకు ఒకటి రెండు దినములైనను సంవత్సరమంతయు నేర్పుట ఫలవంతము. అన్ని విద్యలను ఒకే కొలత గళ్లలో ఇరికించుటయే చక్రపద్ధతిలోని మూలదోషమని నా అభిప్రాయము. 1990 తరువాతి దశాబ్దములలో కాలవిభజనపై విశేషకృషి చేసిన కెనడీ, రెట్టిగ్ వంటివారు దీర్ఘమైన పీరియడులను సూచించినప్పటికిని, చక్రపు ఆకులన్నియు సమానముగానే యుండవలెనన్న అలవాటు మాత్రము పెక్కుచోట్ల చెదరలేదు.

కొన్ని రాష్ట్రములు ఈ విషయమును పాఠశాల ఇష్టమునకు విడువక చట్టములోనికి తెచ్చినవి. న్యూయార్కు రాష్ట్రములో ఎనిమిదవ తరగతి ముగియునప్పటికి ప్రతి విద్యార్థియు చిత్రకళలో అర యూనిటు, సంగీతములో అర యూనిటు, గృహ, వృత్తినైపుణ్యములలో ముప్పాతిక యూనిటు, సాంకేతిక విద్యలో ఒక యూనిటు పూర్తిచేయవలెనను నియమము చాలకాలము అమలులో నుండెను. వారమునకు 180 నిమిషముల చొప్పున సంవత్సరము నేర్చినచో అది ఒక యూనిటు. ఇక్కడ ముప్పాతిక, అర అని విద్యకొక కొలత యుండుట గమనింపదగినది.

వాద్యబృందము వలని చిక్కు

చక్రము తిరుగనీయని విద్య ఒకటి కలదు. అది వాద్యబృందము. క్లారినెట్ పట్టిన పిల్లవానికి పెదవి కుదురుటకే కొన్ని నెలలు పట్టును; తొమ్మిది వారములకు వాద్యమును పెట్టెలో పెట్టి వంటగదికి పొమ్మన్నచో పడిన శ్రమ తామరాకుపై నీటిబొట్టగును. అందుచేత బ్యాండు, ఆర్కెస్ట్రా, గానబృందము అను మూడును పెక్కు బడులలో సంవత్సరమంతయు సాగును. వానిని కోరినవారు చక్రమునుండి తొలగుదురు. ఫలితముగా పదకొండేండ్ల బాలిక వయొలిన్ పట్టినందులకు వడ్రంగము, వంట, చిత్రలేఖనము మూడేండ్లపాటు వదలుకొనవలసి వచ్చుచున్నది. తెలుగు కుటుంబములలో ఈ యెంపిక సామాన్యముగా వాద్యముల వైపే మొగ్గును. రంపము పట్టుటలోను, పిండి కలుపుటలోను నేర్చుకొనదగినది కలదని ఆ సమయమున ఎవరును చెప్పరు.

ఈ చిక్కునకు మరియొక ముఖము కలదు; అది మొదటిదానికంటె బాధాకరము. చదువులోను గణితములోను వెనుకబడిన పిల్లలకు అదనపు తరగతులను పెట్టవలసివచ్చినప్పుడు, ఆ గంటను ఎక్కడినుండి తీయవలెను? దాదాపు ఎల్లప్పుడును ఐచ్ఛికవిద్యల గంటనుండియే. గణితములో ఓడిన బాలుడు వడ్రంగములో గెలువగలవాడేమో యని చూచుటకు ముందే వడ్రంగము అతని చేతినుండి జారిపోవును. ఆంగ్లము క్రొత్తగా నేర్చుచున్న వలసకుటుంబముల పిల్లలకును ఇదే గతి. వీరికే గదా బడిమీద ప్రీతి కలిగించు గంట మిగుల అవసరమైనది! సహాయక తరగతులు అక్కరలేదని ఎవరును అనరు. ఐచ్ఛికమును పూర్తిగా మ్రింగక, దినము విడిచి దినము పంచుకొనునట్లు కూర్పవచ్చునని కొన్ని బడులు చేసి చూపినవి. అట్లు చేయుట కష్టము, కాని అసాధ్యము గాదు.

మూల్యాంకనమున మూడు పక్షములు

గ్రేడు విషయమై మూడు పక్షములు కానవచ్చుచున్నవి.

మొదటి పక్షమువారు సమానగౌరవవాదులు. వీరిలో చిత్రలేఖన, సంగీతోపాధ్యాయులే పెక్కుమంది. గ్రేడు లేని విద్యను పిల్లవాడు ఆటగా చూచును, తలిదండ్రులు లెక్కచేయరు, ఖర్చు తగ్గింపవలసి వచ్చినప్పుడు పాలకమండలి మొదట ఆ ఉపాధ్యాయునినే తొలగించును. కళలకు ప్రమాణములు లేవన్నమాటయు నేడు చెల్లదు. 2014లో జాతీయస్థాయిలో కళావిద్యా ప్రమాణములు తయారైనవి. కావున గణితమునకు ఏ అక్షరమో మాకును అదే అక్షరమని వీరి వాదము. ఇందలి ఆవేదన న్యాయమైనది. అయినను ఈ వాదము పిల్లవానికంటె విద్యయొక్క పీఠమును ఎక్కువగా కాపాడుచున్నదని చెప్పక తప్పదు.

రెండవ పక్షమువారు అన్వేషణవాదులు. వెదకుటకు బయలుదేరినవానికి తప్పిపోవు స్వేచ్ఛ యుండవలెను. పడిన ప్రతి అడుగునకును అక్షరము వేసినచో అతడు తెలిసిన దారినే నడచును. వీరికి బలము చేకూర్చు ప్రయోగములు రెండు ప్రసిద్ధములు. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అను మనస్తత్త్వవేత్తలు బొమ్మలు గీయుటయందు ప్రీతి గల శిశువులను పరిశీలించి, బహుమానమిత్తుమని ముందుగా చెప్పి గీయించిన పిల్లలు తరువాత తమంతట తాము గీయుట తగ్గించిరని కనుగొనిరి; చెప్పకుండ బహుమానమిచ్చినవారియందు ఆ తగ్గుదల కనబడలేదు. 1988లో రూత్ బట్లర్ ప్రచురించిన పరిశోధనములో, పని మీద వ్యాఖ్యమాత్రమే వ్రాసి యిచ్చిన పిల్లలలో ఆసక్తి నిలిచినది. గ్రేడు వేసినవారిలోను, గ్రేడుతోపాటు వ్యాఖ్య వ్రాసినవారిలోను అది తగ్గినది. అక్షరము కనబడినచో పిల్లవాని కన్ను వాక్యమును దాటిపోవుచున్నదన్నమాట. అన్వేషణవాదుల బలహీనత వేరొకచోట నున్నది: వారు కోరిన 'పాస్, ఫెయిల్' పద్ధతి ఆచరణములో హాజరుపట్టికగా దిగజారి, శ్రద్ధగా పనిచేసిన పిల్లకును కిటికీవంక చూచుచు కూర్చున్నవానికిని ఒకే ముద్ర వేయును.

మూడవ పక్షమువారు ప్రమాణవాదులు. థామస్ గస్కీ మొదలైనవారు, ఒకే అక్షరములో పనియొక్క ఫలమును, పనిచేసిన తీరును, సాధించిన పురోగతిని కలిపివేయుట తప్పనియు, మూడింటిని వేరు వేరుగా తెలుపవలెననియు బోధించిరి. హాజరు, క్రమశిక్షణ, ఇంటినుండి రంగుపెన్సిళ్లు తెచ్చుట అనువానిని నైపుణ్యముతో కలుపరాదు. ముగ్గురిలోను శాస్త్రీయమైన మాట వీరిదే. అయితే శాస్త్రీయత గంటలను అడుగును. చక్రములోని ఉపాధ్యాయునికి లేనిది ఆ గంటలే.

ఈ కడపటి మాటకు కొంత లెక్క అవసరము. దినమునకు అయిదు తరగతులు, తరగతికి 28 మంది చొప్పున చెప్పు గణితోపాధ్యాయునికి సంవత్సరమంతయు 140 మంది విద్యార్థులు. పాదమునకొకసారి మారు చక్రములోని చిత్రలేఖనోపాధ్యాయునికి అదే భారముతో సంవత్సరమునకు 560 మంది. ఆరు దినములకొకసారి కలియు పద్ధతిలో అతనికి ఏకకాలమున 840 మంది! ఒక్కొక్క పిల్లవాని పనిని అయిదు నిమిషములు మాత్రమే పరిశీలించి శ్రేణి వ్రాయదలచినను, 140 మందికి 11 గంటల 40 నిమిషములును, 840 మందికి 70 గంటలును పట్టును. పేర్లు ముఖములకు అంటుకొనకముందే పాదము ముగియుచుండగా, నాలుగు ప్రమాణములకు నాలుగు గడులు నింపుమని అతనిని కోరుట న్యాయమగునా? గడులు నిండును; వానిలో పిల్లవాడుండడు.

ఒక సున్న చేయు పని

సగటు లెక్కించుటలో గల అన్యాయము చక్రవిద్యలలో మరింత తీవ్రమగును. గణితములో 30 అభ్యాసములుండి, ఇరువదితొమ్మిదింటికి 90 మార్కుల చొప్పున వచ్చి, ఒకటి ఇయ్యనందులకు సున్న పడినచో సగటు 87, బీ శ్రేణి. మట్టిపనిలో మూడే పనులుండి, రెండింటికి 90 వచ్చి, మెరుగుపూత వేయు దినమున పిల్ల జ్వరపడి రానందున మూడవదానికి సున్న పడినచో సగటు 60. చాల బడుల కొలబద్దలో అది డీ శ్రేణి. కుమ్మరికి ఒక యేడు, గుదియకు ఒక పెట్టు అన్న సామెత ఇంత అక్షరాలా నిజమగుట అరుదు. అయిదు దినముల జ్వరము 180 పీరియడుల గణితములో 36వ వంతు. 30 పీరియడుల చక్రవిద్యలో ఆరవ వంతు.

ఇంతటితో ఆగదు. టెక్సాస్ రాష్ట్రములో 1984 నాటి చట్టమువలన, మదింపు గడువులో 70 కి తక్కువ మార్కులు వచ్చిన విద్యార్థి ఆటలపోటీలు, సంగీతపోటీల వంటి బడి కార్యక్రమములలో కొంతకాలము పాల్గొనరాదు. 'పాస్ కానిచో ఆట లేదు' అని దానికి లోకములో పేరు. ఆ నియమమును పెట్టినవారి యుద్దేశము మంచిదే. కాని మూడు పనుల సగటుమీద నిలిచిన సంఖ్య ఒకటి బాలుని మైదానమునుండి తప్పింపగలిగినప్పుడు, ఆ సంఖ్య ఎంత గట్టిదో అడుగుట ధర్మము. ఒకే రేఖాగణితపు జవాబుపత్రమును అనేకులైన ఉపాధ్యాయులకు పంపగా 28 మొదలు 95 వరకు మార్కులు పడినవని స్టార్చ్, ఎలియట్ అను పరిశోధకులు 1913లోనే చూపిరి. రేఖాగణితమునకే ఆ గతి పట్టినప్పుడు, తొందరలో కాల్చిన గిన్నెకు 73 అని వ్రాయుటకు ఏ యాధారము చూపగలము?

జపాను త్రోవ

జపాను దేశమునందలి మాధ్యమిక పాఠశాలలో చక్రము లేదు. సంగీతము, చిత్రకళ, సాంకేతిక గృహవిజ్ఞానము అందరికిని విధులు. సంవత్సరమునకు ఇన్ని పీరియడులని జాతీయనిర్దేశమే నిర్ణయించును. మొదటి యేట సంగీతమునకు 45, చిత్రకళకు 45, సాంకేతిక గృహవిజ్ఞానమునకు 70. గ్రేడు కూడ అయిదు మెట్లలో నిక్కచ్చిగా వేయుదురు. టోక్యో నగరములో ప్రభుత్వ ఉన్నతపాఠశాల ప్రవేశమునకు లెక్కించు బడి మార్కులలో, ప్రవేశపరీక్ష గల అయిదు విషయములకు ఒక రెట్టును, పరీక్ష లేని సంగీతము, చిత్రకళ, సాంకేతిక గృహవిజ్ఞానము, వ్యాయామము అను నాలుగింటికి రెండు రెట్లును ఇచ్చుట విశేషము. సమానగౌరవవాదులు కోరిన గౌరవము ఇక్కడ పూర్తిగా లభించినది. దానివెంట, ఈలపాటవలె తేలికగా సాగవలసిన గంటలోనికి ప్రవేశపు భయము కూడ వచ్చి కూర్చున్నది. అయినను ఒక్క సంగతి ఒప్పుకొనవలెను: జపాను వారు ముందు కాలమిచ్చి, పిమ్మట కొలిచిరి.

మన బడులలో

మన దేశమున ఈ చర్చ క్రొత్తది కాదు. 1937 నాటి వార్ధా పథకము చేతివృత్తిని చదువునకు కేంద్రము చేయదలచినది. 1964-66 నాటి కొఠారి సంఘము పని అనుభవమును సిఫారసు చేసినది. 1977లో ఈశ్వరభాయి పటేలు సంఘము సమాజోపయోగియగు ఉత్పాదక కార్యమును సూచించినది. మూడును కాగితముపై సమగ్రముగా నుండి, టైంటేబులునందు కడపటి పీరియడుగా మిగిలినవి. డ్రాయింగు మాస్టరు, క్రాఫ్టు టీచరు అను పదవులు ఒకనాడు ఉన్నతపాఠశాలలలో గౌరవముతో నుండి, క్రమముగా పలుచబడినవి. 2009 నాటి విద్యాహక్కు చట్టము, ఆరు మొదలు ఎనిమిది తరగతులలో నూరుమందికి మించి పిల్లలున్నచోట కళావిద్య, ఆరోగ్య వ్యాయామవిద్య, పనివిద్యలకు పాక్షికకాల బోధకులుండవలెనని తన అనుబంధములో వ్రాసినది. వ్రాసినంతగా నియామకములు జరుగలేదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011 నాటి రాష్ట్ర విద్యాప్రణాళికా చట్రము వెంట వచ్చిన నిరంతర సమగ్ర మూల్యాంకనము, వ్యాయామ ఆరోగ్యవిద్య, కళా సాంస్కృతిక విద్య, పని కంప్యూటరు విద్య, విలువలు జీవననైపుణ్యములు అను నాలుగు సహపాఠ్య విషయములకు రిపోర్టు కార్డులో వేరు చోటు కల్పించినది. చోటు దొరికినది, బోధకుడు అన్నిచోట్ల దొరకలేదు. చిత్రలేఖనము నేర్పువారు లేని బడిలో చిత్రలేఖనపు గ్రేడును తరగతి ఉపాధ్యాయుడు నింపవలసివచ్చుట మన అనుభవము. కాలమీయక కొలుచుట యనునది అమెరికాలో అర్ధసత్యమైనచో, మనయొద్ద పెక్కుచోట్ల పూర్ణసత్యమైనది.

2020 నాటి జాతీయ విద్యావిధానము, ఆరు మొదలు ఎనిమిది తరగతుల పిల్లలందరును వడ్రంగము, విద్యుత్పని, లోహపుపని, తోటపని, కుండలు చేయుట వంటి వృత్తులను చేతితో చేసి చూడవలెననియు, పది దినములు పుస్తకముల సంచి లేక స్థానిక వృత్తినిపుణుల యొద్ద గడుపవలెననియు నిర్దేశించినది. 2023 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రము దీనిని జీవరాశులతో పని, యంత్రసామగ్రులతో పని, మానవసేవలు అను మూడు రూపములుగా విభజించినది. ఇది నిజముగా చక్రమే, అమెరికా వీల్ నకు దాయాదియే. ఏటికొప్పాక లక్కబొమ్మలు, కొండపల్లి బొమ్మలు, పోచంపల్లి నేత, పెంబర్తి ఇత్తడి, ఊరూర కుమ్మరి సారె గల ఈ నేలలో గురువులకు కొదవలేదు. ప్రశ్న గంటలది, కొలతది.

తేలని సంగతులు, తోచిన నిర్ణయము

ఈ చర్చలో ఇంకను తేలనివి కొన్ని కలవు. మూడేండ్లలో పన్నెండు విద్యలను తాకిన పిల్లవాడు, నాలుగింటిని లోతుగా నేర్చిన పిల్లవానికంటె పెద్దయైన పిమ్మట తన దారిని మేలుగా ఎన్నుకొనునా? అన్వేషణము అను మూలసూత్రమే ఈ ప్రశ్నపై నిలిచియున్నను, వాదములు వినబడినంతగా నిదర్శనములు వినబడవు. ఐచ్ఛికము అనునది నిజముగా పిల్లవాని యెంపికగా నుండవలెనా, లేక అందరును అన్నింటిని చూడవలెనా అనునది రెండవది. ఎంపికనిచ్చినచో పిల్లలు స్నేహితుని వెంట పోవుదురు. ఈయనిచో అది ఐచ్ఛికము కానేరదు. ఆరవ తరగతిలో అందరికిని చక్రమును, ఎనిమిదవ తరగతిలో కోరినదానిని సంవత్సరమంతయు ఇచ్చుట నడిమి త్రోవ. పెక్కు బడులు దానినే పట్టినవి, అదియే నాకును సమ్మతము.

గ్రేడు విషయమున మాత్రము సంకోచము లేదు. బ్యాండువలె సంవత్సరమంతయు సాగు విద్యకు ప్రమాణముల ననుసరించి శ్రేణి వేయవచ్చును; ఉపాధ్యాయునికి పిల్లవాడు తెలియును, పిల్లవానికి రెండవ గిన్నె చేయు అవకాశముండును. 45 పీరియడులకు మించని చక్రవిద్యకు అక్షరము వేయరాదు, సగటులో కలుపరాదు, ఆటకు అర్హతతో ముడిపెట్టరాదు. దానికి బదులు చేసిన వస్తువు ఫొటోయును, ఏమి నేర్చెనో తెలుపు రెండు వాక్యములును రిపోర్టు కార్డునకు చేర్చవలెను. వానిలో ఒక వాక్యమును పిల్లయే వ్రాసికొనినచో ఉపాధ్యాయుని భారము సగమగును. ఇట్లు చేసినచో విద్యకు గౌరవము తగ్గునని సమానగౌరవవాదులు భయపడుదురు. గౌరవము నిలుచునది టైంటేబులులో, అక్షరములో గాదు.

టైంటేబులు కూర్చుటలో ఆరితేరినవారు పాటించు నియమమొకటి కలదు: ఒకే ఉపాధ్యాయుడు, ఒకే గది, ఒకే తరగతి గల విద్యలను ముందు పట్టికలో నిలిపి, నాలుగైదు తరగతులుగా నడచు గణితమును, ఆంగ్లమును మిగిలిన గళ్లలో నింపవలెను, అట్లుగానిచో మొదటివానికి చోటే మిగులదు. జూన్ మాసమున బడులు తెరచుటకు ముందు మన ప్రధానోపాధ్యాయులు తెల్లకాగితముపై గీతలు గీయుటకు కూర్చుండినప్పుడు, కుమ్మరికిని, నేతగానికిని, డ్రాయింగు మాస్టరుకును రావలసిన గళ్లను మొదట పూరింపుదురు గాక.